లారీ స్పేర్ పార్టుల షాపుకు ఏఐ కన్సల్టెంట్: అడ్వాన్స్ ఇచ్చే ముందు

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది. విజయవాడ ఆటోనగర్‌లో టాటా, లేలాండ్ లారీల స్పేర్ పార్టుల హోల్‌సేల్ షాపు. ఏడుగురు స్టాఫ్, ఏడాదికి ఆరు కోట్ల పైచిలుకు టర్నోవర్, రోజుకు 150 నుంచి 200 వాట్సాప్ మెసేజ్‌లు. హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెంట్ వచ్చి, ఆర్డర్ తీసుకోవడం, బిల్లు కొట్టడం, బాకీలు అడగడం అంతా ఏఐ ఏజెంట్ (మెసేజ్‌లు చదివి తనంతట తానే పనులు చేసే ప్రోగ్రామ్) చూసుకుంటుందన్నారు. మొదట 3.5 లక్షలు, అందులో సగం అడ్వాన్స్, ఆపైన నెలకు 18 వేలు అడిగారు. మీకు చేయించాలని ఉంది, నాన్నగారు వద్దంటున్నారు. ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ముందుగా నా సంగతి. నేను 19 ఏళ్లుగా బెజవాడ, గుంటూరు, ఏలూరు షాపులకు ట్యాలీ (లెక్కలు, బిల్లులు రాసే సాఫ్ట్‌వేర్), బిల్లింగ్ పనులు చేస్తున్నాను. మూడేళ్లుగా ఏఐతో ఆటోమేషన్ పనులు కూడా చేసి ఇస్తున్నాను. నాదీ ఇదే వ్యాపారం కాబట్టి నా మాటను ఆ దృష్టితోనే చదవండి.

ఈ కొటేషన్ ఈ రూపంలో ఒప్పుకోవద్దు. ఏఐ పనికిరాదని కాదు, మీ షాపుకు బాగా ఉపయోగపడే పని ఒకటి ఉంది. కానీ ఆ పెద్దమనిషి మీ కౌంటర్ దగ్గర ఒక్క పూట కూడా కూర్చోకుండా ధర చెప్పారు. మీరు రాసినదాన్ని బట్టి ఆయన వచ్చింది గంటసేపు, అందులో నలభై నిమిషాలు తన ల్యాప్‌టాప్‌లో డెమో చూపించారు. మీ మెసేజ్‌లు చూడకుండా మీ పని ఎంతో ఆయనకు ఎలా తెలుస్తుంది?

డెమోలో మెసేజ్ ఎలా ఉంటుంది? "దయచేసి టాటా 1613 కి క్లచ్ ప్లేట్ రెండు పంపండి" అని ఉంటుంది. మీకు వచ్చేవి అలా ఉండవు. నేను ఇలాంటి షాపులోనే గుమాస్తా పక్కన కూర్చుని చూసిన మెసేజ్ ఒకటి చెబుతాను. కంకిపాడు నుంచి ఒక మెకానిక్ పంపాడు: "అన్నా 2518 బ్రేక్ లైనింగ్ ఒక సెట్, మొన్నటిదే, సాయంత్రం బండికి వెయ్". అంతే. 2518 అనే మోడల్ లారీ టాటాలోనూ ఉంది, లేలాండ్‌లోనూ ఉంది. ఏ కంపెనీదో మెసేజ్‌లో లేదు. మొన్నటిది అంటే ఏదో లేదు. ఏ ట్రాన్స్‌పోర్టో లేదు. గుమాస్తా మాత్రం రెండు సెకన్లు కూడా ఆలోచించలేదు. ఆ మెకానిక్ దగ్గరకు లేలాండ్ బళ్లే వస్తాయని, పోయిన వారం పట్టుకెళ్లింది ఫలానా కంపెనీ లైనింగ్ అని, అతని పార్సిల్ ఎప్పుడూ ఒకే ఆటోకి వెళుతుందని ఆయనకు తెలుసు. రాసుకుని పక్కన పెట్టేశాడు.

ఇదే మెసేజ్ ఏఐకి ఇస్తే రెండు రకాలుగా జరగొచ్చు. ఆ కస్టమర్ పాత బిల్లులు కూడా దానికి అందేలా కట్టి ఉంటే, లేలాండ్ అని పట్టుకుంటుంది, లేదా "టాటానా లేలాండా?" అని అడుగుతుంది. అలా కట్టకపోతే ఏదో ఒకటి ఎంచుకుని, కాస్త కూడా తడబడకుండా ఆర్డర్ రాసేస్తుంది. ఈ ఏఐల వెనక ఉండే భాషా మోడళ్లకు ఉన్న లోపమే ఇది. తెలియనప్పుడు కూడా తెలిసినట్టే వాక్యం అల్లుతాయి. కాబట్టి కన్సల్టెంట్ పనితనమంతా ఏ మోడల్ వాడారన్నదాంట్లో లేదు. ఆ మోడల్ ముందు మీ షాపు సమాచారాన్ని ఎంత సరిగ్గా పెట్టారు, అనుమానం వస్తే ఆగి అడిగేలా చేశారా లేదా అన్నదాంట్లో ఉంది.

వాయిస్ మెసేజ్‌లు ఇంకో మెట్టు కష్టం. వెనక వెల్డింగ్ చప్పుడు, లారీ హారన్, మధ్యలో ఇంకెవరితోనో మాట. "పదహారు పదమూడు" అన్నది 1613 గా రావాలి, 16, 13 అని రెండు అంకెలుగా రాకూడదు. సెల్ఫ్ (స్టార్టర్ మోటార్), డైనమో (ఆల్టర్నేటర్), కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగ్‌లు) లాంటి మన మాటలకు, మీ ట్యాలీలో ఇంగ్లీషులో ఉన్న ఐటం పేర్లకు లంకె ఎవరో ఒకరు కట్టాలి. తెలుగు మాటను రాతగా మార్చే సాధనాలు ఈ రెండుమూడేళ్లలో చాలా మెరుగయ్యాయి, నేను రోజూ వాడుతున్నాను. అయినా మీ ఆడియోలతో పరీక్షించకుండా ఎవరూ హామీ ఇవ్వలేరు.

అందుకే మొదటి పని మీది. డబ్బు ఖర్చు లేదు. ఒక పొడవాటి నోట్‌బుక్ తీసుకుని గళ్లు గీయండి. వచ్చిన మెసేజ్ ఆర్డరా, ధర అడగడమా, స్టాక్ ఉందా అని అడగడమా, పార్సిల్ ఎక్కడుందని ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ కోసమా, బాకీ లెక్క కోసమా, ఉత్త గుడ్ మార్నింగా. వారం రోజులు గీతలు పెట్టండి. రాత్రి ఎనిమిది తర్వాత వచ్చినవాటికి వేరే గుర్తు వేయండి. మర్నాడు ఎవరూ చూడకపోతే జారిపోయే ఆర్డర్లు అవే. తప్పు పార్టు వెళ్లి తిరిగి వచ్చినవి ఎన్నో కూడా రాయండి.

ఈ లెక్క ఎందుకంటే, ఉదాహరణకు నికరమైన ఆర్డర్లు రోజుకు 60 అనుకుందాం. ఒక్కోటి చదివి, ఐటం వెతికి, ట్యాలీలో ఎక్కించడానికి నాలుగు నిమిషాలు. మొత్తం నాలుగు గంటలు. ఏఐ డ్రాఫ్ట్ తయారు చేసి పెట్టి, మనిషి సరిచూడటమే మిగిలితే నిమిషం చాలు. రోజుకు మూడు గంటలు మిగులుతాయి. నెలకు 16 వేల జీతం, రోజుకు తొమ్మిది గంటల పని అనుకుంటే ఆ మూడు గంటల విలువ నెలకు ఐదు వేల చిల్లర. మీరు కట్టబోయేది నెలకు 18 వేలు, మొదటి ఏడాది మొత్తం కలిపి 5.66 లక్షలు. గుమాస్తా సమయం ఒక్కటే చూసుకుంటే ఈ బేరం గిట్టదు. గిట్టాలంటే జారిపోయిన ఆర్డర్లు దొరకాలి, తప్పు పార్టుల రానుపోను రవాణా ఖర్చు తగ్గాలి. అవి మీ షాపులో ఎంత ఉన్నాయో ఆ నోట్‌బుక్కే చెప్పాలి. రోజుకు ఇరవై ఆర్డర్లు కూడా లేవని తేలితే మాత్రం ఈ ఆలోచన ఏడాది పాటు పక్కన పెట్టేయండి.

ఇప్పుడు ఆయన చెప్పిన మూడు పనులను విడదీసి చూద్దాం. బాకీలు గుర్తుచేయడం, బిల్లు వాట్సాప్‌లో పంపడం, వీటికి ఏఐ అక్కర్లేదు. ట్యాలీప్రైమ్ 4.0 నుంచి వాట్సాప్‌కి కలిపే ఏర్పాటు అందులోనే ఉంది. బిల్లు, లెడ్జర్, పెండింగ్ లెక్క నేరుగా అక్కడి నుంచే పంపవచ్చు. మీ ట్యాలీ పార్ట్‌నర్‌ని (మీకు ట్యాలీ అమ్మి సర్వీసు చేసేవాళ్లు) పిలిస్తే పెట్టి వెళతారు. ఈ పనులను ఏఐ అని పేరు పెట్టి కొటేషన్‌లో కలపడం నాకు నచ్చలేదు.

బిల్లు కొట్టడం ఏఐకి వదిలేయడం అసలు వద్దు. మీ టర్నోవర్ ఐదు కోట్లు దాటింది కాబట్టి 2023 ఆగస్టు 1 నుంచి, జీఎస్టీ నంబర్ ఉన్న కస్టమర్లకు వేసే బిల్లులకు మీకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. తప్పు బిల్లుకు ఐఆర్ఎన్ (ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే బిల్లు గుర్తింపు నంబర్) వచ్చేసిందంటే 24 గంటల్లోపే రద్దు చేయాలి. దాని మీద ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసుకునే పత్రం) నడుస్తుంటే అదీ కుదరదు, ముందు దాన్ని రద్దు చేయాలి. గడువు దాటితే క్రెడిట్ నోట్ (తప్పు బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) వేసుకోవాల్సిందే. శనివారం సాయంత్రం పడిన తప్పు సోమవారం ఉదయం బయటపడితే మీ ఆడిటర్ దగ్గర ఎంత టెన్షనో ఊహించండి. డ్రాఫ్ట్ వరకు మెషీన్, బటన్ నొక్కేది మనిషి. ఈ గీత దాటించమని ఏ కన్సల్టెంట్ చెప్పినా ఒప్పుకోకండి.

ఇక మిగిలింది ఆర్డర్ చదివి డ్రాఫ్ట్ తయారుచేయడం. అసలైన పని ఇదే, మీరు డబ్బు పెట్టాల్సింది దీని మీదే.

ధరల విషయంలో నా వల్ల జరిగిన పొరపాటు చెప్పాలి. రెండేళ్ల క్రితం గుంటూరు వైపు మోటార్ పంపుల స్పేర్ పార్టుల షాపుకు పని చేశాను. ధర అడిగితే బాట్ నేరుగా జవాబిచ్చేలా పెట్టాను. ఓనర్ కొత్త రేట్ల షీట్ వేరే ఫోల్డర్‌లో పెట్టారు, నా ప్రోగ్రామ్ పాత షీటే చదువుతోంది. మధ్యాహ్నానికి పదకొండు మందికి పాత ధరలు వెళ్లిపోయాయి. ఓనర్ మాట తప్పే మనిషి కాదు, ఆ పదకొండు మందికీ పాత ధరకే సరుకు ఇచ్చారు. ఆ నష్టంలో సగం నా ఫీజులో తగ్గించుకున్నాను. తప్పు ఏఐది కాదు, పరీక్షించకుండా వదిలిన నాది. అప్పటి నుంచి నేను కట్టే ఏ పనిలోనూ ధర, డెలివరీ తేదీ కస్టమర్‌కి నేరుగా వెళ్లవు. జవాబు తయారై గుమాస్తా స్క్రీన్ మీదకు వస్తుంది, ఆయన చూసి పంపుతాడు. మీ నాన్నగారి అభ్యంతరం కూడా ఇక్కడే ఉందనుకుంటాను. ముప్పై ఏళ్ల నుంచి "అన్నా" అని పిలిచే మెకానిక్‌తో మెషీన్ మాట్లాడకూడదని ఆయన బాధ. అది చాదస్తం కాదు, మీ వ్యాపారానికి మూలధనం ఆ పిలుపే. ఈ పద్ధతిలో మాట్లాడేది మీ మనిషే, మెషీన్ వెనక కూర్చుని రాసిపెడుతుంది.

వాట్సాప్ ఎలా కలుపుతారు అన్నది రాతపూర్వకంగా అడగండి. చాలామంది ఓనర్లు దెబ్బతినేది ఇక్కడే. సరైన దారి, వేరే ప్రోగ్రామ్‌లు వాట్సాప్‌తో కలవడానికి దాని సొంతదారు మెటా వాళ్లు అధికారికంగా ఇచ్చే బిజినెస్ ప్లాట్‌ఫామ్ ఏపీఐ. దానికి మీ జీఎస్టీ సర్టిఫికెట్ లాంటి కాగితాలతో మెటాలో బిజినెస్ వెరిఫికేషన్ చేయించుకోవాలి. కస్టమర్ మెసేజ్ పెట్టిన 24 గంటల్లో మీరు మామూలుగా జవాబివ్వవచ్చు. ఆ గడువు దాటితే ముందుగా ఆమోదం పొందిన టెంప్లేట్ మెసేజ్ మాత్రమే వెళుతుంది. 2025 జూలై 1 నుంచి టెంప్లేట్‌లకు మెసేజ్ లెక్కన చార్జీ. మీరు ఇప్పుడు నడుపుతున్న వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చే ఆర్డర్లు ఈ దారిలో రావు. మీకు గ్రూపుల్లో ఎక్కువ ఆర్డర్లు వస్తుంటే ఆ సంగతి ముందే తేల్చుకోవాలి.

చౌక దారి ఇంకోటి ఉంది. వాట్సాప్ వెబ్‌లాగా క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి, అనధికార ప్రోగ్రామ్‌తో మెసేజ్‌లు లాగడం. ఇది వాట్సాప్ నిబంధనలకు విరుద్ధం, నంబర్ బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది. నాకు తెలిసిన ఒక టైల్స్ డీలర్ నంబర్ అలాగే పోయింది. ఊళ్లో ప్రతి మేస్త్రీ దగ్గర ఉన్న నంబర్ అది, గోడల మీద, లారీ వెనక రాయించుకున్న నంబర్. తిరిగి తెచ్చుకోవడానికి మూడు వారాలు తిరిగారు, రాలేదు. మీ కన్సల్టెంట్ "ఒక్కసారి స్కాన్ చేయండి చాలు" అంటే అక్కడితో మాట ఆపేయండి.

ఏపీఐ దారిలో కూడా ఒక మాట. పాత పద్ధతిలో నంబర్‌ని ఏపీఐకి మారిస్తే ఫోన్‌లోని బిజినెస్ యాప్ నుంచి ఆ నంబర్ తీసేయాలి, పాత చాట్‌లు వెంట రావు. అదే నంబర్ యాప్‌లోనూ ఉంటూ ఏపీఐకీ కలిసే ఏర్పాటు ఇప్పుడు ఉంది. ఏది చేస్తున్నారో అడిగి, చాట్‌లు బ్యాకప్ తీసుకున్నాకే ముందుకు వెళ్లండి. నన్నడిగితే మొదటి మూడు నెలలు మెయిన్ నంబర్ జోలికే పోకుండా కొత్త నంబర్ ఒకటి తీసుకుని, బాగా అలవాటున్న పది మంది మెకానిక్‌లకు మాత్రమే ఇస్తాను.

ఖాతాలన్నీ మీ పేరు మీదే ఉండాలి. మెటా బిజినెస్ అకౌంట్, ఏఐ మోడల్ ఏపీఐ అకౌంట్, సర్వర్, అన్నీ మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో. కన్సల్టెంట్‌కి అందులో ఒక యూజర్‌గా ప్రవేశం ఇస్తే సరిపోతుంది. ఈ పనులు సాధారణంగా ఎన్‌ఎయిట్‌ఎన్, మేక్, జాపియర్ లాంటి, వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లను కలిపే సాధనాల్లో కడతారు. ఎన్‌ఎయిట్‌ఎన్‌లో కట్టిన పనిని జేసన్ ఫైల్‌గా దించుకోవచ్చు, ఆ ఫైల్ ప్రతి మార్పు తర్వాత మీకు ఇవ్వాలని ఒప్పందంలో రాయించండి. రేపు ఆయనకూ మీకూ పొసగకపోతే ఇంకొకరు అక్కడి నుంచి అందుకుంటారు. అన్నీ ఆయన అకౌంట్‌లో ఉంటే ఆయన ఫోన్ ఎత్తని రోజు మీ ఆర్డర్లు ఆగుతాయి.

ట్యాలీ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకండి. పరిమిత హక్కులతో వేరే యూజర్ సృష్టించి ఇవ్వండి. మొదటి దశలో అసలు కంపెనీ డేటా మీద కాకుండా దాని కాపీ మీద పని చేయించండి. జీఎస్టీ పోర్టల్ లాగిన్, ఓటీపీలు ఎవరికీ వద్దు, ఈ పనికి వాటి అవసరమే లేదు. కస్టమర్ల ఫోన్ నంబర్లు, బాకీల వివరాలు ఎక్కడికి వెళుతున్నాయో, పని ముగిశాక చెరిపేస్తారో లేదో కూడా రాయించండి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. చట్టం దృష్టిలో ఆ డేటాకు జవాబుదారీ మీరే, కన్సల్టెంట్ కాదు.

నెలకు 18 వేలలో ఏముందో విడమరిచి ఇమ్మనండి. మీ మెసేజ్‌లు చిన్నవి, రోజుకు 60 ఆర్డర్లకు మోడల్ వాడకం ఖర్చు నెలకు కొద్ది వేలు దాటకూడదు. సర్వర్ ఇంకో వెయ్యి, రెండు వేలు. మిగతాది ఆయన సేవకు. సేవకు డబ్బు అడగడం న్యాయమే, కానీ ఎన్ని గంటల సేవ, ఆగిపోతే ఎంతసేపట్లో స్పందిస్తారు అన్నది ఉండాలి. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ వేస్తే, మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునేలా మీకు ఇన్‌పుట్ వస్తుంది. టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే పట్టుకుని కట్టే పన్ను) కోత గురించి మాత్రం చెల్లించే ముందే ఆడిటర్‌ని అడగండి.

అసలు పరీక్ష ఇలా పెట్టండి. పోయిన నెల ఆర్డర్ మెసేజ్‌ల్లోంచి వంద తీయండి, ఏరుకోకుండా వరసగా. పేర్లు, నంబర్లు చెరిపేయండి, కస్టమర్‌కి ఒక కోడ్ ఇవ్వండి. వాయిస్‌లు పాతికైనా ఉండాలి. అందులో మీ గుమాస్తా అసలు ఏ ఐటం బిల్లు చేశాడో వేరే కాగితం మీద రాసి మీ దగ్గరే ఉంచుకోండి. కన్సల్టెంట్‌కి మెసేజ్‌లు, ఐటం లిస్టు, ఆ వంద మెసేజ్‌లకు ముందు తేదీ వరకు ఉన్న పాత బిల్లుల వివరం ఇచ్చి పది రోజులు గడువు పెట్టండి. ఈ పనికి 15 నుంచి 20 వేలు ఇవ్వండి. ఉచితంగా చేయమంటే మంచివాళ్లు రారు.

ఫలితాన్ని మూడు కుప్పలుగా వేయండి. సరిగ్గా రాసినవి, అర్థం కాక తిరిగి అడిగినవి, నమ్మకంగా తప్పు రాసినవి. మొదటి కుప్ప 70 ఉన్నా నాకు చాలు. రెండోది పాతిక ఉన్నా బాధ లేదు, గుమాస్తా చూసుకుంటాడు. మూడో కుప్ప అయిదు దాటిందంటే ఆ కన్సల్టెంట్‌ని వదులుకుంటాను, మొదటి కుప్ప 90 ఉన్నా సరే. 2518 లైనింగ్ తప్పుగా వెళితే లారీ ఒక రోజు షెడ్డులో ఆగిపోతుంది. ఆ ఓనర్ మళ్లీ మీ దగ్గరకు రాడు.

పరీక్ష నెగ్గితే ఈ ఒక్క పనికే ఒప్పందం చేసుకోండి. మా ప్రాంతంలో ఇంతటి పనికి నేనైతే 70 నుంచి 90 వేలు తీసుకుంటాను. హైదరాబాద్ వాళ్లు ఇంకొంచెం అడిగినా తప్పు పట్టను. 20 శాతం అడ్వాన్స్, ట్రయల్ నడిచాక 40, రెండు నెలలు ఆగకుండా నడిచాక మిగతాది. ఆయన పాత కస్టమర్లు ఇద్దరి నంబర్లు తీసుకుని మాట్లాడండి, కనీసం ఆరు నెలలుగా వాడుతున్నవాళ్లవి. "బాగుందా" అని అడగకండి, "ఆగిపోయిన రోజు ఏం జరిగింది" అని అడగండి. ఆ జవాబులో మనిషి తెలిసిపోతాడు.

ఇవన్నీ జరిగేలోపు మీ ఐటం మాస్టర్ (ట్యాలీలోని ఐటం పేర్ల జాబితా) శుభ్రం చేయించండి. ఇలాంటి షాపుల్లో ఒకే క్లచ్ ప్లేట్ మూడు నాలుగు పేర్లతో ఉంటుంది, ఒక్కో గుమాస్తా వచ్చినప్పుడల్లా ఒక్కో పేరు పెట్టి వెళతాడు. అది ఏ కన్సల్టెంటూ చేయలేడు. ఏది ఏదో తెలిసినవాడు మీ పాత గుమాస్తా ఒక్కడే. ఆయనకు రోజుకు గంట ఈ పనికే కేటాయించి, దానికి వేరే డబ్బు ఇవ్వండి. ఆయనకు ముందే కూర్చోబెట్టి చెప్పండి, ఇది ఆయన ఉద్యోగం తీసేయడానికి కాదని, చూసి ఓకే చేసేది ఆయనేనని. తన బుర్రలో ఉన్నది కాగితం మీద పెడితే రేపు తన అవసరం ఉండదేమో అన్న భయం ఆయనకు ఉంటుంది. ఆ భయం తీరకపోతే సగం సమాచారం బయటకు రాదు.

ఐదు కోట్లు దాటినవాళ్లు కాబట్టి మీవి నెలవారీ రిటర్నులే. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బి (పన్ను కట్టే రిటర్ను). ఆ రోజుల్లో ట్రయల్ పెడితే ఎవరూ పట్టించుకోరు. 21న మొదలుపెట్టించండి. ఆ రోజు పొద్దున నాన్నగారిని గుమాస్తా పక్కన కుర్చీ వేసి కూర్చోమనండి. కంకిపాడు మెకానిక్ లాంటివాడు ఎవరో ఒకరు 2518 అని మెసేజ్ పెడతారు. అది టాటా అని రాసేస్తుందో, ఆగి అడుగుతుందో ఆయనే చూస్తారు.